సీటీ స్కోరు జాతకం కాదు

మోస్రాలో నాకు తెలిసిన ఒక రైతు ఇంట్లో గోడ మేకుకు ఇప్పటికీ ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. అందులో ఉన్నది 2021 మేలో తీయించిన ఊపిరితిత్తుల సీటీ ఫిల్ము. పలకరించినవాళ్లందరికీ అదే తీసి చూపిస్తాడు. “ఇరవై అయిదుకు పద్దెనిమిది వచ్చింది సారూ. ముప్పావు వంతు ఖరాబైనయ్. ఇగ నాతోని పొలం పని కాదు.” పొలం కౌలుకిచ్చేశాడు. గడప దాటి కాలువ దాకా కూడా నడవడు.

వర్ని, రుద్రూరు, బోధన్ వైపు కొవిడ్ సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ మీద ఉండి బతికొచ్చిన చాలామందిది ఇదే మాట. పుట్టిన తేదీ గుర్తులేనివాళ్లకు కూడా ఆ అంకె గుర్తుంది. అసలు ఆ అంకె ఏమిటి? ఊపిరితిత్తులవి అయిదు భాగాలు. ఒక్కోదాంట్లో తెలుపు ఎంతమేర పరుచుకుందో చూసి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు. ఆ తెలుపులో ఎక్కువ పాలు ఆ రోజుటి వాపు, నీరు. మడి మునిగిన రోజున ఫొటో తీసి, ఈ నేల ఇక పండదంటే ఏ రైతూ ఒప్పుకోడు. తన ఊపిరితిత్తుల విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

వూహాన్‌లో వెంటిలేటర్ దాకా పోని 83 మంది తీవ్ర రోగులను ఏడాది పాటు గమనించారు. పీల్చిన గాలి రక్తంలోకి దాటే సామర్థ్యం మూడో నెలలో ఉండాల్సినదాంట్లో 77 శాతం ఉంటే, పన్నెండో నెలకు 88కి చేరింది. మధ్యస్థ లెక్క ఇది.

మరి నడిస్తే వచ్చే దమ్ము అబద్ధమా? కాదు. టొరంటో వైద్యులు కొవిడ్‌కు ముందే, ఊపిరితిత్తులు ఒక్కసారిగా దెబ్బతిని ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్లను అయిదేళ్లు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తులు దాదాపు మామూలయ్యాయి, నడక మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మంచాన పడి కండ కరిగిపోవడం అందుకు పెద్ద కారణం. దమ్ముకు భయపడి కూర్చుంటే కండ ఇంకా కరుగుతుంది, దమ్ము ఇంకా పెరుగుతుంది.

ఒకటి ఒప్పుకోక తప్పదు. కొందరికి మచ్చ మిగిలింది. ఆ వూహాన్ రోగుల్లోనే ఏడాది తర్వాత కూడా మూడో వంతు మందికి గాలి రక్తంలోకి దాటే సామర్థ్యం తక్కువగా ఉంది. వెల్లూరు సీఎంసీ పరీక్షించిన 207 మందిలో 44 శాతానిదీ అదే స్థితి. కానీ అది జబ్బు తగ్గాక సగటున రెండు నెలలప్పటి కొలత. 2024లో ఆ వార్త ఊళ్లోకొచ్చేసరికి “మనోళ్ల ఊపిరితిత్తులు ఇక బాగుపడవ”న్న మాటయింది.

ఊపిరితిత్తులు కడిగే కషాయం లేదు. బెలూన్లు ఊదితే మచ్చలు పోవు. మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు దమ్ముకని మింగితే షుగరు పెరుగుతుంది.

నా భయమల్లా ప్రతి దగ్గునూ కరోనా ఖాతాలో వేయడం గురించే. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. టీబీ, రక్తహీనత, గుండె బలహీనత ఏవైనా దమ్ము తెస్తాయి. ఆరు నిమిషాలు నడిచాక ఆక్సీమీటర్‌లో నాలుగు పాయింట్లు పడితే ఛాతీ వైద్యుడిని కలిసి స్పైరోమెట్రీ చేయించుకోండి. పడకపోతే రోజూ నడవండి, వారానికి కొంచెం పెంచండి. బీడీ మానండి. వరికోతల దుమ్ములోకి వెళ్తే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

మొన్న ఆ రైతును కాలువ గట్టు మీద నడిపించాను. రెండుసార్లు ఆగాడు. బయల్దేరినప్పుడు 97, తిరిగొచ్చాక 96. ఆ అంకెను చాలాసేపు చూసి, వచ్చే కారుకు ఒక్క మడైనా తానే నాటిస్తానన్నాడు.