స్పర్శరహిత కార్డుతో కంప్యూటర్ ప్రవేశం: రాయలసీమ పరిశోధన కేంద్రాల దృష్టితో ఒక పరిశీలన

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లోను, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లోను ఏర్పడ్డాయి. ఇటువంటి సంస్థలలో ఒకే కంప్యూటర్‌ను పలువురు పరిశోధకులు వాడుకోవలసిన సందర్భాలు సహజం. సేకరించిన శాసనపాఠాలు, జానపద గేయాల ధ్వనిముద్రణలు, అచ్చుకాని అధ్యాయాలు అందులో ఉన్నప్పుడు ఒకరి పాస్‌వర్డు మరొకరికి తెలియడం చిన్న విషయం కాదు. కార్డుతో ప్రవేశించడం దీనికి ఒక పరిష్కారం. అయితే ఆ కార్డు దేనిని రుజువు చేస్తున్నదన్నదే ముఖ్యమైన ప్రశ్న.

స్పర్శరహిత కార్డులో సాధారణంగా బ్యాటరీ ఉండదు. రీడర్ కల్పించే 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రం నుండి శక్తిని గ్రహించి, కొద్ది సెంటీమీటర్ల దూరంలో చిప్ సమాధానమిస్తుంది. ఐఎస్ఓ 14443 ప్రమాణం ఈ సంభాషణను నిర్దేశిస్తుంది. లోహపు ఒరిపిడి లేనందున దుమ్ము, అరుగుదల వల్ల కలిగే ఇబ్బంది తక్కువ. మెట్టప్రాంతాలకు ఇది అనుకూలాంశం.

ప్రవేశాన్ని రెండు విధాలుగా అమర్చవచ్చు. మొదటిది కార్డు క్రమసంఖ్యను మాత్రమే చదివి ఖాతాను తెరవడం. ఆ సంఖ్య రహస్యం కాదు. దగ్గరకు తెచ్చిన ఏ రీడరైనా దానిని చదవగలదు, వేరొక కార్డులో నకలు చేయడమూ సాధ్యమే. సంకేతరక్షణ ఉన్నంత మాత్రాన కూడ సరిపోదు. 1994లో వచ్చిన మైఫేర్ క్లాసిక్ కార్డులోని 48 బిట్ల తాళం బలహీనతను నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో నిరూపించారు. రెండవ విధానంలో రహస్య తాళం చిప్‌ను దాటి బయటికి రాదు. కంప్యూటర్ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను పంపగా, కార్డు దానిపై డిజిటల్ సంతకం చేస్తుంది. దీనికి పిన్ తోడైతే కార్డు దొంగిలించినవారికి ప్రవేశం దొరకదు.

లినక్స్ కంప్యూటర్‌లో ముందుగా పీసీఎస్‌సీ సేవను, ఓపెన్ఎస్‌సీ సాధనాలను స్థాపించి రీడర్ గుర్తింపబడినదో లేదో చూడాలి. తరువాత కార్డులోని ధ్రువపత్రాన్ని వాడుకరి ఖాతాతో జతపరచి, పామ్ అమరికలో చేర్చాలి. పరీక్ష ముగిసేవరకు నిర్వాహకుడు మరొక ప్రవేశాన్ని తెరచి ఉంచుకోవడం అవసరం. లేనిచో ఒక్క పొరపాటుతో అందరూ బయటే ఉండిపోవచ్చు. కొన్ని ద్వివిధ కార్డులు పిన్, సంతకం పనులను లోహస్పర్శతోనే అనుమతిస్తాయి కనుక కొనుగోలుకు ముందే ఈ విషయాన్ని సరిచూడాలి.

కార్డు పోయిన రోజుననే దాని ధ్రువపత్రాన్ని రద్దుచేసే బాధ్యత ఎవరిదో కూడ ముందే నిర్ణయింపబడాలి. ఆ ఏర్పాటు లేనిచోట కార్డు సౌకర్యాన్ని మాత్రమే ఇస్తుంది, పరిశోధకుని శ్రమకు రక్షణను ఇవ్వజాలదు.