భూకంపానికి జోస్యం లేదు... లెక్క ఉంది!

పశ్చిమ ప్రకాశం నేల అప్పుడప్పుడూ అదురుతోంది. తర్వాతది ఎప్పుడో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ వచ్చిన అదురును పట్టుకోవడం దొనకొండ బడిపిల్లలకు కూడా సాధ్యమే.

2024 డిసెంబరు 21, శనివారం. ముండ్లమూరు మండలంలో నేల కదిలింది. బడిపిల్లలు తరగతి గదుల్లోంచి బయటికి పరుగెత్తారు. ఆదివారం మళ్లీ అదిరింది, సోమవారం కూడా. తాళ్లూరు మండలంలోనూ జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి వచ్చారు. 2025 మే 6న దర్శి, పొదిలి, కురిచేడు వైపు ఇంకోసారి కంపించింది. కురిచేడు దొనకొండకు పొరుగు మండలమే.

ఇవన్నీ చిన్న ప్రకంపనలే. అలాగని తీసిపారేయలేం. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో తీవ్రత 5 దాటిన భూకంపం వచ్చింది. 2002 నాటి దేశ భూకంప పటం ఒంగోలును మధ్యస్థ ప్రమాదమున్న జోన్‌ 3లో చేర్చింది. భారత ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. ఆ ఒత్తిడి దక్షిణాదికీ పాకి, గుండ్లకమ్మ నది వెంట ఉన్నటువంటి పాత పగుళ్ల దగ్గర అప్పుడప్పుడూ బయటపడుతుంది.

ముందే చెప్పగలమా?

చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరి 4న భూకంపం రాకముందే జనాన్ని ఖాళీ చేయించారు. ముందుగా వచ్చిన చిన్న అదురులే అక్కడ హెచ్చరికయ్యాయి. ప్రపంచం ఆశపడింది. మరుసటి ఏడాది జులై 28న తాంగ్‌షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండా 2.4 లక్షల మందికి పైగా చనిపోయారు. అమెరికాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1993 లోపు భూకంపం తప్పదని శాస్త్రవేత్తలు లెక్కగట్టి, చుట్టూ పరికరాలు పెట్టి కూర్చున్నారు. అది 2004లో వచ్చింది, చడీచప్పుడూ లేకుండా.

మనదాకా వస్తే, 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర పెద్ద భూకంపం వస్తుందని, అమరావతి దాకా అదురుతుందని సామాజిక మాధ్యమాల్లో హోరెత్తించారు. ఆ పెద్ద భూకంపం రాలేదు. తేదీ, చోటు, తీవ్రత మూడూ కలిపి ముందే చెప్పే పద్ధతి నేటికీ లేదు. చెబుతామన్నవాళ్లను నమ్మి నిద్ర పాడుచేసుకోవద్దు.

ఔత్సాహికుడి పని

మరి ఔత్సాహికులు చేయగలిగిందేమిటి? నేల చెప్పేది శ్రద్ధగా వినడం. అరచేతిలో ఇమిడే కంప్యూటర్‌కు జియోఫోన్‌ తగిలించిన రాస్ప్‌బెర్రీ షేక్‌ లాంటి పరికరాలతో ప్రపంచమంతటా మామూలు మనుషులు ఈ పని చేస్తున్నారు. జియోఫోన్‌లో స్ప్రింగుకు వేలాడే బరువు, అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. నేల కదిలితే తీగలో సన్నటి విద్యుత్తు పుడుతుంది. అదే తెరమీద గీత అవుతుంది.

మెరుపు తర్వాత ఉరుము వచ్చినట్టు, భూకంపంలో ముందు పి తరంగం, వెనక ఎస్‌ తరంగం వస్తాయి. దగ్గరి భూకంపాలకు ఆ రెంటి మధ్య సెకన్లను 8తో గుణిస్తే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. తేడా 4 సెకన్లుంటే 32 కిలోమీటర్లు. అయితే దూరం తెలుస్తుంది గానీ దిక్కు తెలియదు. మూడు చోట్ల గీతలుంటే పటం మీద మూడు వృత్తాలు గీసి, అవి కలిసే చోటును పట్టుకోవచ్చు.

దొనకొండలో పరికరం పెడితే ముందుగా నేర్చుకోవాల్సింది రైలును గుర్తుపట్టడం. గుంటూరు–గుంతకల్లు లైన్లో బండి వస్తుంటే గీత మెల్లగా ఉబ్బి, మెల్లగా సన్నబడుతుంది. భూకంపం గీత అలా కాదు. ఒక్కసారిగా లేచి, తర్వాత నిదానంగా తగ్గుతుంది. క్వారీలో మందు పేలిస్తే పి బలంగా, ఎస్‌ బలహీనంగా కనిపిస్తుంది, అదీ పగటిపూటే. బోరు మోటారు ఆడినంతసేపూ ఒకే తీరున గీస్తుంది. నెలల తరబడి ఈ గీతలు చూసిన పిల్లవాడికి పుకారుకూ ప్రకంపనకూ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961 నుంచి భూమిని పరిశోధిస్తోంది. దిల్లీలోని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం దేశమంతటి భూకంపాలను నమోదు చేస్తోంది. అయినా మరీ చిన్న అదురులు అందాలంటే పరికరాలు దగ్గర్లో ఉండాలి. ఎక్కడ, ఎంత లోతున, ఎంత తరచుగా కదులుతోందన్న లెక్క పోగుపడితేనే ఏ పగులు మేలుకుని ఉందో తెలుస్తుంది. ఏ ఊళ్లో ఇల్లు ఎంత గట్టిగా కట్టాలో చెప్పేది ఆ లెక్కే.

అందుకే ఒక విన్నపం. దొనకొండ, దర్శి, ముండ్లమూరు ఉన్నత పాఠశాలల్లో ఒక్కో పరికరం పెట్టండి. పూర్వ విద్యార్థులు, దాతలు తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. సైన్సు మాస్టారికి అప్పగించండి, పిల్లల చేత రాయించండి. ఇల్లు కట్టేవాళ్లు పునాది, లింటెల్‌ స్థాయిల్లో కాంక్రీటు బెల్టు తప్పనిసరిగా వేయించండి. భూకంపం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా, వచ్చిన రోజు ప్రాణాలు నిలబెట్టేవి ఆ లెక్కా, ఈ గట్టి కట్టడమూ.