కడుపుతో ఉన్నప్పుడు కళ్ళు తిరిగితే

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఒక మాట వినబడుతుంది: "మా కోడలికి బీపీ డౌన్ అయిందమ్మా!" కళ్ళు తిరిగినా బీపీ డౌనే, ఆయాసం వచ్చినా బీపీ డౌనే, రెండు పూటలు అన్నం సయించకపోయినా బీపీ డౌనే. పేరు పెట్టేశాక మందు కూడా సిద్ధంగానే ఉంటుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఒక గ్లూకోజు బాటిలు ఎక్కిస్తారు. ఆ పూటకు కొంచెం తేలిగ్గా అనిపిస్తుంది. రెండు రోజుల కూలి డబ్బులు పోతాయి. నాలుగో రోజుకు మళ్ళీ అదే కథ.

అసలు మనిషి మొహం చూసి బీపీ చెప్పగలవారు ఇంకా పుట్టలేదు. జబ్బకు పట్టీ చుట్టి కొలిస్తేనే అది తెలుస్తుంది. ఆ పట్టీని 1896లో ఇటలీలో రివా-రోచి అనే వైద్యుడు తయారు చేశాడు. కొలిచినప్పుడు పైది, కిందది అని రెండు అంకెలు వస్తాయి. మామూలుగా 120/80 అంటారు. 90/60 కంటే తగ్గితే తక్కువ అంటారు. అయితే గర్భిణి విషయంలో ఈ లెక్కను కొంచెం జాగ్రత్తగా చూడాలి.

చేనుకు నీళ్ళు పారించే మోటారు మీరు చూసిందే కదా. సన్నపైపు తగిలిస్తే నీళ్ళు జోరుగా చిమ్ముతాయి. అదే మోటారుకు వెడల్పు పైపు తగిలిస్తే నీళ్ళు పుష్కలంగా పారుతూనే ఉంటాయి గాని, ఆ జోరు కనిపించదు. నెల తప్పినప్పటి నుంచీ ఆడమనిషి ఒంట్లో జరిగేది ఇదే. బిడ్డకు రక్తం ధారాళంగా అందడం కోసం హార్మోన్ల ప్రభావంతో రక్తనాళాలు వదులవుతాయి. ఒంట్లో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. గుండె మునుపటికంటే ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. అయినా పైపు వెడల్పయింది కాబట్టి ఒత్తిడి పది పాయింట్ల దాకా తగ్గుతుంది. అయిదు ఆరు నెలల్లో బాగా తక్కువగా ఉండి, తొమ్మిదో నెలకు మళ్ళీ పాత అంకెకు చేరుతుంది. కాబట్టి అయిదో నెలలో మీకు 100/60 ఉన్నదని చెబితే బుగులు పడనక్కరలేదు. మనిషి తిరుగుతూ, తింటూ, కడుపులో బిడ్డ సరిగా ఎదుగుతూ ఉంటే దానికి మందు అక్కరలేదు.

మందు అక్కరలేకపోయినా కళ్ళు తిరగడం మాత్రం నిజమే. దానికి కారణాలు మన రోజువారీ పనుల్లోనే ఉంటాయి. పత్తి ఏరుతూ, నాట్లు వేస్తూ గంటలకొద్దీ వంగి, ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది. తలకు అందడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. పెళ్ళి పందిట్లో, బస్సులో, బతుకమ్మ ఆటలో చాలాసేపు నిలబడినా అంతే. మరీ వేడి నీళ్ళతో తలంటు పోసుకుని బయటికి వచ్చేటప్పుడు పడిపోయేవాళ్ళూ ఉన్నారు. మంచం మీదినుంచి లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, కాసేపు కూర్చుని, తర్వాత లేవడం అలవాటు చేసుకోండి. నిలబడక తప్పకపోతే పాదాలు కదిలిస్తూ ఉండండి.

అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే కొందరికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్లు ఉంటుంది. ఇంట్లోవాళ్ళు దిష్టి అనుకుంటారు. దిష్టీ కాదు, గాలీ కాదు. బరువెక్కిన గర్భసంచి వెన్నెముక పక్కన ఉండే పెద్ద సిరను నొక్కుతుంది. కాళ్ళనుంచి గుండెకు రావలసిన రక్తం అక్కడ ఆగిపోతుంది. అమెరికా వైద్యులు 1953లో దీన్ని వివరించి ఒక పేరు కూడా పెట్టారు. మందు చాలా చవక. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే నిమిషాల్లో తగ్గిపోతుంది. ఎవరైనా గర్భిణి సొమ్మసిల్లితే కూడా ఇదే చేయండి. ఎడమ పక్కకు పడుకోబెట్టి, కాళ్ళ కింద మడిచిన చద్దరు పెట్టి, చుట్టూ మూగినవాళ్ళను జరగమనండి. తెలివి రాకముందే నోట్లో నీళ్ళు పోయకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బీపీ డౌన్ అనే మాట కింద దాక్కుని ఉండేది చాలాసార్లు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. తెలంగాణ లెక్కా అలాగే ఉంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, అరచేతులు తెల్లబడడం, మట్టి, బియ్యం, బలపాలు తినాలనిపించడం దీని గుర్తులు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7కు దిగిందంటే ఆసుపత్రిలో చేర్చి చూడవలసిన స్థితి. ఇటువంటి మనిషికి గ్లూకోజు బాటిలు ఏం చేస్తుంది? మామూలుగా వాడే అర లీటరు బాటిలులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే అయిదారు చెంచాల చక్కెర. ఆ మాత్రం బలం ఒక బెల్లం ముక్కలోనూ ఉంది. పైగా రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళకు గబగబా బాటిళ్ళు ఎక్కిస్తే గుండె మోయలేక ఆయాసం ముదరవచ్చు. వేవిళ్ళు ముదిరి నీళ్ళు కూడా లోపల నిలవనప్పుడు సెలైను అవసరమే. కాని అది ఆసుపత్రిలో, చూసేవాళ్ళ ఎదుట ఎక్కించాలి.

రక్తం పట్టడానికి ఐరన్ మాత్ర ఉంది. నాలుగో నెలనుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. దొడ్డికి నల్లగా అవుతుందని, వికారమని చాలామంది మధ్యలో మానేస్తారు. నల్లగా కావడం మామూలే. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. టీతో, పాలతో మాత్రం వేసుకోకండి, మాత్ర ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో మంచిది.

తిండి దగ్గర మన ఇళ్ళలో ఒక దురాచారం ఉంది. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమైతది" అని కోడలి కంచంలో తగ్గించి వడ్డిస్తారు. అత్తలారా, ఇది మీకు చెబుతున్న మాట. జొన్న గటక, రాగి అంబలి, తోటకూర, పప్పు, గుడ్డు, పల్లీలు ఆమెకు కడుపునిండా పెట్టండి. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలలో మొదలైన ఒక పూట భోజనంలో అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉన్నాయి. ఆ గుడ్డును ఇంటికి తెచ్చి పెద్దపిల్లకు పెట్టే తల్లులు చాలామంది. వాళ్ళ మనసు నాకు తెలుసు. కాని అక్కడే కూర్చుని తినమన్నది అందుకే.

నీళ్ళు ఎక్కువ తాగమంటే మర్రిగూడ, మునుగోడు వైపు అక్కలు "ఏ నీళ్ళు తాగాలమ్మా?" అని అడుగుతారు. ఫ్లోరైడుతో తరాలు నలిగిన ఊళ్ళవి, అడగవలసిందే. పొలానికి వెళ్ళేటప్పుడు నల్లాలో వచ్చే కృష్ణనీళ్ళు సీసాలో పట్టుకుపోండి. అక్కడి బోరు నీళ్ళ మీద ఆధారపడకండి. ఎండలో పని చేసిన రోజు చల్లలో చిటికెడు ఉప్పు వేసుకుని తాగవచ్చు. బీపీ పెరగాలని ఊరగాయలు, ఉప్పు అదేపనిగా తినడం మాత్రం వద్దు.

కల్లు బలమని గర్భిణికి పోసే ఇళ్ళూ ఉన్నాయి. చెట్టు కల్లయినా అందులో సారా గుణం ఉంటుంది, అది బిడ్డకు మంచిది కాదు. ఇక దుకాణాల కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలపడం మన జిల్లాలలో ఎన్నోసార్లు బయటపడింది. తూలడం, కళ్ళు మూతలు పడడం ఆ మందుల గుణమే. అయితే అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు రావచ్చు. కాబట్టి సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చెప్పి, ఆమె చెప్పినట్టు మానాలి.

ఇక ప్రమాదం సంగతి. నెల తప్పి నెలన్నర రెండు నెలలైన మనిషికి పొత్తికడుపులో ఒక పక్క పోటు వచ్చి కళ్ళు తిరిగితే, బిడ్డ గర్భసంచిలో కాక నాళంలో పడి, ఆ నాళం చిట్లి లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. పైకి రక్తం కనిపించకపోవచ్చు. నెలలు నిండేటప్పుడు కడుపు చెక్కలా గట్టిపడి నొప్పి వచ్చినా, ఎర్రబట్ట కనిపించినా అంతే తొందర. కాన్పు తర్వాత ఒక గుడ్డ తడిసి వెంటనే మరొకటి తడుస్తుంటే "చెడు రక్తం పోతున్నదిలే" అని ఊరుకోకండి. ఇక్కడ బీపీ మనల్ని మోసం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బాలింతకు లీటరు రక్తం పోయేదాకా కూడా అంకె పెద్దగా పడకపోవచ్చు. ముందుగా వేగం పుంజుకునేది నాడి. అంకె పడిపోయేసరికి చాలా రక్తం పోయి ఉంటుంది. రక్తహీనత ఉన్న బాలింతకు ఆ మాత్రం వ్యవధి కూడా ఉండదు. ఇటువంటప్పుడు ఆర్.ఎం.పి. దగ్గర బాటిలు పెట్టించి చూద్దామనడం చేతిలో ఉన్న గంటను పారేసుకోవడమే. 108కి ఫోను చేసి ఎన్నో నెలో, ఎంత రక్తం పోయిందో, మనిషి తెలివిలో ఉన్నదో లేదో చెప్పండి. రక్తం ఇవ్వగల ఇద్దరు మగవాళ్ళను వెంట తీసుకుపోండి.

చివరి నెలల్లో ఇంకో చిక్కు ఉంది. అయిదో నెలలో 90/60 ఉన్న అమ్మాయికి ఎనిమిదో నెలలో 135/85 వచ్చిందనుకోండి. కొత్తగా చూసేవారికి అది మామూలు అంకెలాగే కనిపిస్తుంది. పాత అంకె తెలిసిన డాక్టరు మాత్రం ఆగి మూత్రపరీక్ష చేయిస్తారు. 140/90కి చేరినా, మొహం ఉబ్బి, తలనొప్పితో చూపు మసకబారినా అది గుర్రపువాతానికి దారితీసే జబ్బు. అందుకని బీపీ చూసినప్పుడల్లా "ఎంతుంది సిస్టర్?" అని అడిగి, తల్లీబిడ్డల కార్డులో రాయించుకోండి. 2016నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితంగా జరుగుతోంది. పాలమూరునుంచి బొంబాయి, పూణె వైపు పనులకు పోయే చెల్లెళ్ళు ఆ కార్డును తల్లిగారింట్లో పెట్టెలో దాచి పోతారు. దాన్ని బట్టల మూటలో పెట్టుకుని మీతోనే తీసుకుపోండి. అక్కడి డాక్టరుకు మీ భాష రాకపోయినా, కార్డు మీది అంకెలు అర్థమవుతాయి.