మోటారు సైకిలుకు తగిన ఓ-రింగును ఎన్నుకొనుట

నేడు మన పల్లెలలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పాలు కేంద్రమునకు చేరవలెనన్నను, కూరగాయలు సంతకు పోవలెనన్నను, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను దానిపైననే ఆధారపడుచున్నాము. అట్టి బండి నడిదారిలో నిలిచిపోవుటకు ఒక్కొక్కప్పుడు వ్రేలి ఉంగరమంత రబ్బరు చుట్టు కారణమగుచుండును. దీనినే మెకానిక్కులు ఓ-రింగు అందురు.

హైదరాబాదు నగరమునకు తూర్పున వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ ఉన్నది. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి వైపునుండి వచ్చువారికి అది నగరపు వాకిలి వంటిది. ఇటీవల మేము అచ్చటి ఒక మరమ్మతు దుకాణము ముందు నిలిచియుండగా, పాల క్యానులు కట్టిన బండిని నెట్టుకొనుచు ఒక పెద్దమనిషి వచ్చెను. ఇంజను క్రింది భాగమంతయు నూనెతో తడిసియుండెను. ఆయిల్ ఫిల్టరు మూతను విప్పి చూడగా, లోపలి రింగు ఉబ్బి, మెత్తబడి, గాడినుండి బయటికి వచ్చియుండెను.

“కొత్తదే గద అన్నా, ఏసి పది దినాలు గాలేదు” అని ఆయన వాపోయెను.

“కొత్తదే గని, ఇది నీళ్ల మోటారు పైపుకేసే రింగు. నూనెకు ఆగదు” అని మెకానిక్కు బదులు చెప్పెను.

కొలత సరిపోయినది, కాని రబ్బరు సరిపోలేదు. ఊరిలో ఎవరో మేలుచేయదలచియే వేసిరి. ఇంకను కొంతదూరము బండిని నడిపియున్నచో నూనె పూర్తిగా కారిపోయి, పిస్టను పట్టివేసి, వేల రూపాయల నష్టము కలిగియుండెడిది.

రింగు చేయు పని

రెండు లోహపు భాగములను ఎంత బిగించినను వాని నడుమ సూక్ష్మమైన సందు మిగులును. ఆ సందును మూయుటకు గాడిలో రింగును ఉంచి నొక్కుదురు. నొక్కుడుపడిన రబ్బరు తిరిగి లేవజూచుచు రెండు వైపులను అంటిపెట్టుకొని ఉండును. లోపలి నూనె దానిని త్రోసిన కొలది అది గాడి అంచునకు మరింత గట్టిగా ఒత్తుకొనును. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అను యంత్రవేత్తకు ఈ సాధనముపై 1939లో పేటెంటు లభించినది.

రబ్బరు తన సాగుడు గుణమును కోల్పోయిన నాడు ఈ రక్షణ ఉండదు. 1986 జనవరి 28న అమెరికావారి చాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు మరణించిరి. చలికి బిరుసెక్కిన ఓ-రింగు సందును మూయలేకపోవుటయే అందుకు కారణమని విచారణలో తేలినది. మన బండి అంతటి యంత్రము కాకపోయినను, సూత్రము మాత్రము ఒక్కటియే.

రంగును చూచి మోసపోరాదు

ఉప్పల్ ప్రక్కనే నాచారం కలదు. ఈ రెండు చోట్లను పారిశ్రామిక వాడలున్నవి. నాచారం వైపు ఒక చిన్న కార్ఖానాలో ఇట్టి రింగులకు అచ్చు వేయుటను మేము చూచితిమి. రబ్బరులో మసిపొడి, గంధకము మొదలగునవి కలిపి, అచ్చులో ఉంచి, మిక్కిలి వేడిమిలో నొక్కుదురు. మసిపొడి కలియుటచే ఏ జాతి రబ్బరైనను నల్లగానే వచ్చును. కావున నూనెకు తగినదియు, నీటికి తగినదియు బల్లపై ప్రక్కప్రక్కన పెట్టినచో కంటికి భేదము తెలియదు. కొనునపుడు మూడు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: ఈ రింగు దేనిలో తడియును? ఇంజను నూనె తగులు చోట నైట్రైల్ రబ్బరు సాధారణముగా సరిపోవును. అది సుమారు 100 డిగ్రీల వేడికి ఓర్చును. అంతకు మించిన వేడి తగులు చోట విటాన్ వంటి ఫ్లోరో రబ్బరు మేలు. అది సుమారు 200 డిగ్రీల వరకు నిలుచును, వెల ఎక్కువ. సైకిలు ట్యూబును కోసి చేసిన వాషరు నూనెలోను, పెట్రోలులోను ఉబ్బిపోవును. పెట్రోలు విషయమున మరియొక జాగ్రత్త కావలెను. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో ఇథనాల్ కలయిక నూటికి 20 పాళ్లకు చేరినది. పాత బండ్ల కార్బురేటరు, పెట్రోలు కుళాయిలలోని కొన్ని రబ్బరులు దీనికి తట్టుకొనవు. అచ్చట ఇథనాల్‌కు ఓర్చు రకమునే అడిగి తీసికొనవలెను.

రెండవది: కొలత ఎంత? పాత రింగు అణగియో, ఉబ్బియో ఉండును. దానిని కొలిచిన లెక్క తప్పును. గాడినే వెర్నియర్‌తో కొలువవలెను. గాడి లోతు 2 మిల్లీమీటర్లైనచో రింగు మందము సుమారు 2.5 ఉండవలెను. అపుడు మూత బిగించినంతనే అది అయిదవ వంతు నొక్కుడుపడును. కదలని భాగములకు ఇది చాలును. లావు రింగు మేలని తలచరాదు. నొక్కినంత మాత్రమున రబ్బరు ఘనపరిమాణము తగ్గదు. ప్రక్కలకు పొంగుటకు చోటు లేనిచో రింగు తెగును, లేదా మూత సరిగా కూర్చుండదు. గాడి లోపలి వ్యాసము 30 మిల్లీమీటర్లైనచో 29 నుండి 29.5 వరకు వ్యాసము గల రింగు చాలును. నూటికి అయిదు పాళ్లకు మించి సాగదీసిన రింగు సన్నబడి నిలువదు.

మూడవది: బండి పేరు, నమూనా, సంవత్సరము, విడిభాగపు సంఖ్య ఏవి? ఇవి చెప్పి, ముద్రగల పొట్లములోని సరుకునే కోరవలెను. దుకాణము ముందు మేకుకు తగిలించి ఎండలో వ్రేలాడదీసిన రింగులు కొత్తవైనను వానిపై పగుళ్లు రావచ్చును.

బ్రేకు విషయమున ప్రత్యేక హెచ్చరిక

డిస్కు బ్రేకులలో వాడు డాట్ 3, డాట్ 4 ద్రవములు ఇంజను నూనె వంటివి కావు. ఇంజను నూనెకు మేలైన నైట్రైల్ రబ్బరు ఈ ద్రవములో చెడును. ఈ ద్రవమునకు తగిన ఇ.పి.డి.ఎమ్. రబ్బరు నూనెలోను, పెట్రోలులోను ఉబ్బును. ఒకదానికి బదులు మరియొకటి వేసినచో బ్రేకు పట్టివేయుటయో, పట్టకపోవుటయో సంభవించును. ఇంజనులో తప్పు జరిగినచో సొమ్ము పోవును. బ్రేకులో తప్పు జరిగినచో ప్రాణము పోవును. కావున బ్రేకు సీళ్లను విడిగా వెదకి కొనక, ఆ బండికని తయారైన కిట్టునే అనుభవజ్ఞునిచే వేయించవలెను. వానిని నూనెతోగాని, పెట్రోలుతోగాని కడుగరాదు.

అమర్చు పద్ధతి

విప్పిన రింగును తిరిగి వాడరాదు. గాడిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఇంజను రింగుకు అదే ఇంజను నూనెను పలుచగా పూయవలెను. స్క్రూడ్రైవరు మొనతో త్రోయక వ్రేళ్లతో, మెలిక పడకుండ కూర్చవలెను. బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. పిమ్మట ఇంజనును కొంతసేపు నడిపి, ఆపి, తడి ఉన్నదేమో చూచి, నూనె మట్టమును సరిచూచుకొనవలెను.

ఉప్పల్‌లో మేము చూచిన ఆ పెద్దమనిషి బండి గంటసేపటిలో బాగైనది. కొత్త రింగు వెల ఒక లీటరు పాల ధరకు లోపే. కాని ఎండలో నిలిచిన రెండు క్యానుల పాలు అప్పటికే విరిగిపోయినవి. ఆయన పాత రింగును పారవేయక, కాగితములో చుట్టి జేబులో పెట్టుకొనెను. ఎందుకని మేము అడుగగా, “ఊర్ల మా పిలగానికి చూపియ్యాలె సారూ, మల్ల ఇంకోనికి ఇట్ల ఏస్తడు” అనెను.

గ్రామములలో మరమ్మతు పని చేయు యువకులకు మేము చెప్పదలచినదియు ఇంతే. రింగు చేతికి వచ్చినపుడు అది గాడిలో పట్టునా అని మాత్రమే కాక, దేనిలో తడియునో కూడ అడిగి తెలిసికొని వేయుడు.