వేలే తాళంచెవి

మెత్తని పెన్సిలుతో కాగితం మీద ఒకచోట బాగా నల్లగా రుద్దండి. ఆ నలుపులో చూపుడువేలు అద్ది, వేలిపై సెల్లోఫేన్ టేపు అంటించి మెల్లగా ఊడదీయండి. టేపును తెల్లకాగితం మీద అతికించండి. మీ వేలిముద్ర కనిపిస్తుంది! పరిశీలనగా చూస్తే కొన్ని గీతలు మధ్యలోనే ఆగిపోవడం, కొన్ని రెండుగా చీలడం గమనిస్తారు. ఈ చివరలు, చీలికలు ఉన్న చోట్లే ఒకరి ముద్రను మరొకరి ముద్ర నుంచి వేరుచేస్తాయి. కవలపిల్లల ముద్రలు కూడా ఒకేలా ఉండవు.

లాప్‌టాప్‌లోని వేలిముద్ర రీడరు చదివేది ఈ గీతలనే. ఎలా? చాలా రీడర్లలో అతి చిన్న లోహపు పలకలు వేలకొద్దీ ఉంటాయి. వేలు ఆనించినప్పుడు మిట్టగా ఉన్న గీతలు పలకలకు దగ్గరగా వస్తాయి. గీతల నడుమ పల్లాల్లో గాలి మిగులుతుంది. పలకకూ చర్మానికీ మధ్య దూరం తగ్గితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఈ తేడాలను కొలిచి రీడరు ముద్రను గ్రహిస్తుంది. మొదట్లో నమోదు చేసుకున్న ముద్రతో అది సరిపోతేనే మిమ్మల్ని గుర్తిస్తుంది.

మరి వెబ్‌సైట్ల పాస్‌వర్డులకూ దీనికీ సంబంధమేమిటి? మీ వేలిముద్ర వెబ్‌సైటుకు వెళుతుందనుకుంటున్నారా? వెళ్లదు. పాస్‌వర్డ్ మేనేజర్ అనే ప్రోగ్రాం మీ పాస్‌వర్డులన్నిటినీ రహస్యలిపిలోకి మార్చి, పెట్టెలో పెట్టినట్లు దాస్తుంది. మీ వేలు ఆ పెట్టె తాళాన్ని మాత్రమే తీస్తుంది. తగిన పాస్‌వర్డును వెబ్‌సైటుకు అందించేది ఆ ప్రోగ్రామే.

దీనివల్ల లాభమేమిటో చూడండి. గుర్తుపెట్టుకోలేక చాలామంది అన్ని వెబ్‌సైట్లకూ ఒకే పాస్‌వర్డు వాడతారు. అది ఒక్కచోట దొంగల చేతిలో పడితే చాలు, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి! పెట్టె ఉంటే ఒక్కొక్క వెబ్‌సైటుకు ఒక్కొక్క పొడుగాటి పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. వాటిని బట్టీపట్టే పని లేదు.

అయితే వేలిని గుడ్డిగా నమ్మరాదు. 2002లో జపాన్ శాస్త్రజ్ఞుడు త్సుతోము మత్సుమొతో జెలటిన్‌తో కృత్రిమ వేళ్లు తయారుచేసి, ఆనాటి రీడర్లను మోసగించవచ్చునని నిరూపించాడు. గాజు మీద మిగిలిన ముద్ర కూడా ఆయనకు సరిపోయింది. పైగా పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోగలమా? అందుకే మంచి యంత్రాల్లో ముద్ర వివరాలు లాప్‌టాప్ లోపలే, భద్రమైన చోట ఉంటాయి.

ఇంకొక సంగతి. వేలు తెగినా, తడిసినా రీడరు గుర్తుపట్టకపోవచ్చు. కొన్ని లాప్‌టాప్‌లు ఆపి మళ్లీ వేసినప్పుడు వేలిని ఒప్పుకోక, పాస్‌వర్డునే అడుగుతాయి. కనుక పెట్టెను తెరిచే అసలు పాస్‌వర్డు ఒక్కటి మాత్రం మీ తలలో ఉండవలసిందే. అది ఎవరూ ఊహించలేనంత పొడుగ్గా ఉండాలి. మీ పేరు, పుట్టినరోజు పనికిరావు.

అన్నట్లు, ఇందాక టేపు మీద తీసిన ముద్ర ఎక్కడ ఉంది? చూడడం అయిపోతే చిన్న ముక్కలుగా కత్తిరించి పారేయండి. తాళంచెవిని ఎవరూ వీధిలో వదిలిరారు కదా!