తీగ అయిపోతే రైలు ఆగదా?

బ్రిటన్‌లో లండన్ నుండి స్వాన్సీ పోయే రైలు కార్డిఫ్ దాకా పైనున్న కరెంటు తీగతో నడుస్తుంది. ఆ తర్వాత తీగ లేదు. అక్కడ తీగ వేసే పనిని 2017లో ప్రభుత్వం రద్దు చేసింది. మరి ఇంజను మారుస్తారా? మార్చరు. పెట్టెల కిందనే డీజిలు ఇంజన్లు బిగించి ఉంటాయి, 5 పెట్టెల రైలుకు 3. డ్రైవరు మీట నొక్కితే అవి స్టార్టవుతాయి, తీగను తాకే పాంటోగ్రాఫు కిందికి దిగుతుంది. రైలు పరుగెత్తుతుండగా కూడా ఇలా మార్చొచ్చు!

అసలు తమాషా ఏమంటే, డీజిలు ఇంజను చక్రాలను తిప్పదు. జనరేటరును తిప్పి కరెంటు పుట్టిస్తుంది. జాతరలో కరెంటు పోతే జనరేటరు వేస్తారు గదా, వెలిగేది మాత్రం అదే బల్బు. అలాగే చక్రాలు తిప్పే మోటార్లు ఎప్పుడూ అవే.

కాని డీజిలు మీద బలం తక్కువ. తీగ కింద పోయేటప్పుడు ఆ ఇంజన్ల బరువు ఊరికే మొయ్యాలి. నన్నడిగితే స్వాన్సీ దాకా తీగ వెయ్యాల్సిందే.

– 9వ తరగతి విద్యార్థిని