ఏనుగంత చీమ నిలువగలదా?

1954 జూన్ నెలలో అమెరికాలో ‘దెమ్’ అను చలనచిత్రము విడుదలయ్యెను. 1945లో న్యూమెక్సికో ఎడారియందు జరిగిన అణుపరీక్ష వలన అచ్చటి చీమలు ఏనుగులంతేసి పెరిగి మనుష్యులపై పడుట అందలి కథ. ఇట్టిది జరుగదని ఎరిగియు ప్రేక్షకుడు భయపడుచునే చూచును. కావ్యము చదువునపుడు మనము సందేహమును ఇచ్ఛాపూర్వకముగా కొంతసేపు ప్రక్కనుంచుదుమని ఆంగ్లకవి కోల్‌రిడ్జ్ 1817లోనే చెప్పెను. చలనచిత్రమునకును ఇదియే వర్తించును.

ప్రక్కనుంచిన ఆ సందేహమును తరగతిలో మరల అందుకొందము. ఒక సెంటీమీటరు పొడవుగల చీమ, ఆకారము మారక, 3 మీటర్లకు పెరిగెననుకొనుడు. పొడవు 300 రెట్లయినది. కాలి అడ్డుకోత వైశాల్యము 300 × 300, అనగా 90,000 రెట్లగును. ఘనపరిమాణము, దానితోపాటు బరువు, 2,70,00,000 రెట్లగును. కావున కాలియందలి ప్రతి చదరపు మిల్లీమీటరు మునుపటికంటె 300 రెట్లు భారము మోయవలెను. చీమ లేచి నిలువలేదు. ఈ సూత్రమును గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఏనుగు కాళ్లు స్తంభములవలె లావుగా నుండుటకు కారణమిదియే.

శ్వాసక్రియయు అడ్డు వచ్చును. చీమకు ఊపిరితిత్తులు లేవు. దేహమంతట వ్యాపించిన సన్నని గొట్టముల గుండా గాలి కణములను చేరును. అంత పెద్ద దేహమున లోపలి కణములకు ఆక్సిజన్ చాలదు.

అయినచో ప్రేక్షకుల భయము వట్టిదేనా? ఆ సంవత్సరమే మార్చి 1న బికినీ దీవులయందు అమెరికా పేల్చిన ఉదజని బాంబు ధూళి ఒక జపాను చేపల పడవపై రాలెను. అందలి 23 మందియు జబ్బుపడిరి. ఒకరు సెప్టెంబరులో మరణించిరి. ఎక్స్ కిరణములు పండ్ల ఈగల జన్యువులలో మార్పులు కలిగించునని ముల్లర్ 1927లోనే చూపెను. అట్టి మార్పులలో పెక్కు హానికరములు. రేడియోధార్మికత కణములను చంపును, క్యాన్సరు కలిగించును. చీమను ఏనుగంత చేయదు.

కథ కల్పితమైనను భయమునకు మూలము నిజము. ఈ రెంటిని విడదీయుట విద్యార్థి నేర్వవలసిన విద్య. ప్రదర్శనశాలలో చీమను నమ్మి ఆనందించవచ్చును. ఇల్లు చేరిన పిదప కాగితము, పెన్సిలు తీసికొని దాని బరువు లెక్కకట్టవలెను.